నాలుగూ పది విమానం

మోకాళ్ళు పోయాక స్టీరింగు వదిలేశాను. సాలూరులో ముప్పై ఎనిమిదేళ్ళు లారీ తోలాను. అందులో ముప్పై ఒక్కేళ్ళు ధనరాజ్ గారి బళ్ళే. ఇప్పుడు నాకు పనంటూ లేదు. పొద్దున్నే లేచి లారీ షెడ్డు దగ్గరికి పోతాను. ఏ బండి ఎటు పోతోందో చూస్తాను. టీ తాగి ఇంటికి వచ్చేస్తాను.

ఆగస్టు నెల మధ్యలో ఒకరోజు ఆ షెడ్డు దగ్గరికి ధనరాజ్ గారి కొడుకు పృథ్వీరాజ్ వచ్చాడు.

"గంగులు మావా, నాతో రావాలి," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఎయిర్‌పోర్టుకి. కొన్నాళ్ళు అక్కడ కూసోని సూడాలి."

"ఏటి సూడాలి?"

"నా ఇమానం ఎందుకు లేటవుతందో సూడాలి."

షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మెకానిక్ గిరిబాబు అందరికంటే పెద్దగా నవ్వాడు. "మావ కంటే లారీ హారనే నయం బాబూ. అదైనా నొక్కితే మోగుతాది. ఈయన సూసినా నీకేటి సెప్తాడు?"

"మాటాడేవోళ్ళు నాకాడ శానామంది ఉన్నారు," అన్నాడు పృథ్వీ బాబు. "సూసేవోడే లేడు."

నేను కండువా దులుపుకుని కారెక్కాను.

పృథ్వీ బాబు విమానాల కంపెనీ పెట్టిన సంగతి సాలూరులో తెలియని వాళ్ళు లేరు. జూలైలో మొదలైంది. పేరు గువ్వ. మొదటి రోజు నేనూ వెళ్ళాను. విజయనగరం దాటి శ్రీకాకుళం పోయే దారిలో, సముద్రం వైపు ఉన్న కొత్త ఎయిర్‌పోర్టు అది. విమానం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలని వాళ్ళమ్మ రాజకుమారి గారు పట్టుబట్టారు. విమానం దగ్గర చిన్న రాయి కూడా ఉండకూడదని, ఇంజను లాగేసుకుంటుందని అధికారులు ఒప్పుకోలేదు. ఆవిడ కంచె బయటే కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తన కారు చక్రాల కింద పెట్టించి తొక్కించారు. ఆ తర్వాత టికెట్టు కొనుక్కునే విమానం ఎక్కారు. కన్నతల్లికి కూడా ఊరికే ఇవ్వలేదని జనం పృథ్వీ బాబుని తిట్టుకున్నారు. నేను తిట్టుకోలేదు. ధనరాజ్ గారు కూడా తన ఇంటి బియ్యం బస్తా తన లారీలో వస్తే కిరాయి రాయించేవారు.

కారులో పృథ్వీ బాబు తన వ్యాపారం నాకు చెప్పుకొచ్చాడు. అడుగుతూ చెప్పాడు. వాళ్ళ నాన్నదీ అదే పద్ధతి.

"నాన్న అన్నీ ఒకే కంపెనీ లారీలు ఎందుకు కొనీవోడు మావా?"

"ఏ డ్రైవరు ఏ బండైనా తోలుతాడు. ఒక బండి సామాను ఇంకో బండికి పనికొస్తాది."

"నాయీ అంతే. ఇప్పుడు రెండు ఇమానాలు, రెండూ ఒకే రకం. రేపు ఇరవై అయినా ఒకే రకం. మరి టార్పాలిన్‌కి వేరేగా ఎందుకు తీసుకునీవోడు?"

"ఎండాకాలం ఇటుకలు పంపినోడు టార్పాలిన్ డబ్బులు ఎందుకు కట్టాల?"

"అదీ!" అని స్టీరింగు మీద చెయ్యి కొట్టాడు. "నాను సీటు ఒక్కటే అమ్ముతాను మావా. పెద్ద బేగు ఉన్నోడు బేగుకి కడతాడు. తినీవోడు తిండికి కడతాడు. కిటికీ కావాలన్నోడు కిటికీకి కడతాడు. అందరికంటే ముందు ఎక్కాలన్నోడు దానికీ కడతాడు. ఏదీ వద్దన్నోడు బస్సెక్కినట్టు ఎక్కి, దిగి పోతాడు. ఆడికి రైలు రిజర్వేషన్ అంత రేటు కూడా పడదు."

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు. లారీ వాళ్ళం సాయంత్రం దాకా చూసి, ఇక లోడు రాదనుకుంటే ఎంత తక్కువైనా వచ్చిన కిరాయికే బండి తోలేస్తాం. పృథ్వీ బాబు దగ్గర తిరగేసి ఉంది. మూడు నెలల ముందు కొన్నవాడికి చవక. రేపటి ప్రయాణానికి ఈ రోజు కొన్నవాడికి మూడింతలు.

"అదేటి బాబూ, ఆఖరికి మిగిలిపోయిన సీటు కదా?"

"మూడు నెలల ముందు కొన్నోడు నాకు ధైర్యం ఇస్తన్నాడు మావా. ఇమానం నిండుతాదని. ఆ ధైర్యానికి రేటు తగ్గిస్తన్నాను. రేపు పొద్దున్నకి కావాలన్నోడికి అవసరం. ఆడి దగ్గర తీసుకుంటన్నాను."

నేను ఆలోచించాను. ధనరాజ్ గారు బతికుంటే కొడుకు దగ్గర ఈ ఒక్కటీ నేర్చుకునేవారు అనిపించింది.

అసలు సంగతి ఎయిర్‌పోర్టు గేటు దగ్గర చెప్పాడు. రెండిట్లో ఇక్కడున్న విమానం రోజుకి ఆరు ట్రిప్పులు తిరగాలి. పొద్దున్న హైదరాబాదు పోయి రావాలి, తర్వాత బెంగుళూరు పోయి రావాలి, సాయంత్రం గుజరాతు పోయి రావాలి. నాలుగు ట్రిప్పులతో ఖర్చులు కూడా రావు. గుజరాతు పోను రాను రెండు ట్రిప్పులూ పడితేనే కంపెనీ బతుకుతుంది. పెద్ద ఊళ్ళలో చార్జీలు ఎక్కువని గుజరాతులో ఒక చిన్న ఊరు పట్టాడు. వేరావల్ రేవుకి అది రెండు గంటల దూరం. మన జాలర్లు ఏటా ఆగస్టులో అక్కడి బోట్ల మీద పనికి పోతారు. అది చూసే ఆ ఊరు పట్టాడు. కానీ ఆ ఎయిర్‌పోర్టు సాయంత్రం ఏడింటికి మూసేస్తారు. బెంగుళూరు నుంచి మూడూ నలభై అయిదుకి వచ్చిన విమానం నాలుగూ పదికి ఇక్కణ్ణుంచి లేవాలి. ఇరవై అయిదు నిమిషాలు. నాలుగున్నర దాటితే ఆ రోజుకి రద్దు.

"ఇప్పటికి ఏడుసార్లు రద్దయిపోయింది మావా. నాతో డబ్బు పెట్టిన బొంబాయోళ్ళు నెలాఖరు దాకా టైమిచ్చారు. నాలుగూ పది ఇమానం వరసగా అయిదు రోజులు టైముకి కదలాలి. కదల్నేదంటే దీన్ని తీసుకుపోయి ఇంకో రాష్ట్రంలో వేసెస్తారు."

అప్పటికి నెలాఖరుకి ఇంకా పద్నాలుగు రోజులుంది.

ఎయిర్‌పోర్టులో గువ్వ పనులన్నీ చూసే అమ్మాయి పేరు శైలజ. కోటబొమ్మాళి రైతుల ఇంటి పిల్ల. ఇరవై తొమ్మిదేళ్ళు ఉంటాయి. కింద నలభై మంది పని చేస్తారు, అందరూ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళే. విమానం పోతే వాళ్ళ పనీ పోతుంది. నన్ను చూసి అంత సంతోషించలేదు.

"తాతా, మీకు కుర్చీ ఏస్తాను. పచ్చ కోటు తొడుక్కోండి. ఎర్రగీత దాటి రాకండి. ఏదైనా కనబడితే నాకు సెప్పండి, బొంబాయికి సెప్పకండి."

"నాకు బొంబాయి తెలీదమ్మా," అన్నాను.

మూడు రోజులు కూర్చుని చూశాను. ఆ పని చూస్తూ ఉంటే నా మోకాళ్ళ నొప్పి గుర్తుకు రాలేదు. విమానం వచ్చి ఆగుతుంది. చక్రాలకి అడ్డు చెక్కలు పడతాయి. ఇంజను చప్పుడు తగ్గుతూండగానే ముందొక మెట్ల బండి, వెనకొక మెట్ల బండి వచ్చి తలుపులకి అతుక్కుంటాయి. గొట్టంలాంటి దారిలో నడిపిస్తే దానికి అద్దె కట్టాలని పృథ్వీ బాబు మెట్లే పెట్టాడు. రెండు తలుపుల్లోంచీ నూటయెనభై మంది ఆరు నిమిషాల్లో దిగిపోతారు. లోపల తిండి అమ్మిన అమ్మాయిలే చీపుర్లు పట్టుకుంటారు. సీటు వెనక సంచులు లేవు కాబట్టి అందులో చెత్త కుక్కే వీలు లేదు. సీట్లు వెనక్కి వాలవు కాబట్టి విరిగేవీ, బాగు చేయాల్సినవీ లేవు. ఈలోగా పైలట్లలో ఒకాయన దిగి విమానం చుట్టూ తిరుగుతాడు. చక్రం చూస్తాడు, రెక్క కింద చూస్తాడు. ఆయన్ని మాత్రం ఎవరూ తొందర పెట్టరు. అది పృథ్వీ బాబు ఆర్డరు. ఘాటీ దిగబోయే ముందు బ్రేకులు చూసుకునే డ్రైవరుని ధనరాజ్ గారు కూడా ఏనాడూ తొందరగా రమ్మనలేదు.

పదమూడు నిమిషాల్లో విమానం తయారు. మిగిలిన పన్నెండు నిమిషాలు జనం ఎక్కడానికి. హైదరాబాదుకీ, బెంగుళూరుకీ అది చాలుతోంది. గుజరాతుకి చాలడం లేదు. రోజూ అక్కడే ఇరవై అయిదు, ముప్పై నిమిషాలు పడుతోంది.

ఆ విమానంలో సగానికి సగం జాలర్లు. పది మంది ఒక జట్టు, ఒక బోటు. జట్టు పెద్దని తండేలు అంటారు. అలాంటివి రోజుకి తొమ్మిది జట్లు. వాళ్ళు మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయేవారు. ఒకడు చెప్పు సర్దుకునేవాడు. ఒకడు సంచిలో ఏదో వెతుక్కునేవాడు. వెనకున్నవాళ్ళకి దారిచ్చేవాడు. మళ్ళీ ఆగేవాడు. అదంతా చూసి మొదటిసారి విమానం ఎక్కేవాళ్ళు కదా, భయం అనుకున్నాను. శైలజా అదే అనుకుంది.

నాలుగో రోజు ఆమెకి నా మాట చెప్పాను. "లారీకి లోపలి సరుకు ముందెక్కిస్తాం. దీనికి రెండు తలుపులు. రెండిటికీ లోపలంటే మధ్య వరసలే. మధ్య వరసల వాళ్ళని ముందు పిలు. వాళ్ళు కూసున్నాక మిగతావాళ్ళు."

శైలజ కాసేపు కాగితం మీద గీతలు గీసి చూసుకుంది. "బాగుంది తాతా. ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టనేదు?"

ఆ రోజు అలాగే పిలిచారు. మధ్య వరసల వాళ్ళు అరవై మంది వచ్చారు. అందులో జాలర్లే ముప్పై మంది పైన. వచ్చి మెట్ల కింద నిలబడిపోయారు. ఈసారి చెప్పులు సర్దుకోవడం, సంచులు వెతుక్కోవడం కూడా లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. వెనక వాళ్ళకి దారి కూడా లేకుండా పోయింది.

"ఎక్కండి అన్నా! ఎక్కండి!" అని శైలజ అరిచింది.

"ఎక్కుతాం తల్లీ. ఎక్కుతాం," అంటాడొకడు. కాలు మాత్రం లేవదు.

నాలుగూ ముప్పై నాలుగుకి సగం మంది ఇంకా కిందే ఉన్నారు. శైలజ చెవి దగ్గర రేడియోలో రద్దు అన్న మాట వచ్చింది. ఆమె నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. ముప్పై ఎనిమిదేళ్ళలో నేను ఎక్కించిన లోడు ఒక్కటీ దారిలో జారలేదు. ఆ రోజు మాత్రం నా మాట మీదే ఒక విమానం నిలబడిపోయింది.

జనాన్ని బయటికి పంపేశారు. నేనూ వాళ్ళ వెనకే బయటికి నడిచాను. సాగనంపడానికి వచ్చిన ఆడవాళ్ళు ఇంకా చెట్ల నీడన కూర్చునే ఉన్నారు. మగవాళ్ళు తిరిగి వస్తూండటం చూసి ఒకావిడ గభాల్న లేచింది. ఆవిడ లక్ష్మణమ్మ. గంగరాజు అనే తండేలు భార్య. చేతిలో ఖాళీ అన్నం గిన్నె ఉంది.

"ఏటి, తిరిగొచ్చేసినారు? గుజరాతులో దిగడం మరచిపోయినారేటి?" అంది మొగుడితో. తర్వాత నా పచ్చ కోటు చూసి నా వైపు తిరిగింది. "మీదేనా బాబూ ఇమానం? రైలు రెండ్రోజులైనా ఏ టేషన్లోనో ఒగ్గీకుండా తీసుకుపోద్ది. మీది కదలనే కదలదు."

"మనోళ్ళే ఎక్కనేదు," అన్నాను. "భయమా?"

ఆ మాటకి చుట్టూ ఉన్న వాళ్ళు ఒక్కసారి నవ్వారు. వెంకీ అనే కుర్రవాడు, గంగరాజు జట్టులో వాడు, కడుపు పట్టుకున్నాడు.

"తుపానులో బోటు మీద నిల్సునే బీడీ కాల్సినోళ్ళం తాతా. దీనికేటి భయం? సీటుకి బెల్టు కూడా ఉన్నాది."

"మరెందుకు ఎక్కనేదు?"

వెంకీ నవ్వు ఆపేశాడు. తండేలు వైపు చూశాడు. లక్ష్మణమ్మే చెప్పింది.

"తండేలు కాలెట్టకుండా ఆళ్ళెలా ఎడతారు బాబూ? ఈయన టికెట్టేమో ఆఖరి వరసలో పడ్డాది. మీరేమో మధ్య వరసలోళ్ళు ముందు రండి, ఆఖరి వరసలోళ్ళు తరవాత రండి అంటన్నారు."

గంగరాజు యాభై అయిదేళ్ళ మనిషి. కళ్ళు ఉప్పుకి ఎర్రబడి ఉన్నాయి.

"నాను సెప్పినాను మావా, మీరెక్కీయండ్రా, నాను ఎనక వస్తానని. ఇన్నారా? ఇన్నేదు. ఇంటే నాకే మంచిది కాదు."

"ఎందుకని?"

"బోటు కాడైనా, రైలు కాడైనా, ముందు కాలు ఎవుడెడితే ఆ పెయాణం ఆడి మీద ఉన్నట్టు. మంచయినా సెడ్డయినా ఆడే మోయాల. ఈ వెంకీ గాడికి నిరుడే పెళ్ళయినాది. ఆడి మీద ఎడతానా నాను?"

నేను ఆ చెట్టు కిందే కూర్చున్నాను. వాళ్ళు ముందు కాలు పెట్టడాన్ని పెద్దరికం అనుకోవడం లేదు. బరువు అనుకుంటున్నారు. అదే నేను తెలుసుకోలేకపోయాను. కొత్త బండి షెడ్డు దాటే మొదటి చుట్టు నేనే తిప్పేవాణ్ణి, క్లీనరు చేత తిప్పించేవాణ్ణి కాదు. అది తెలిసిన నేనే మెట్ల కింద చేతులు కట్టుకున్న ముప్పై మందిని చూసి భయం అనుకున్నాను.

"ఇంకోటి అడుగుతాను," అన్నాను గంగరాజుతో. "సంచుల దగ్గర మీవోళ్ళకి రోజూ గొడవ అవుతంది. ఏడు కేజీలు దాటితే డబ్బు కట్టాలంటన్నారు. అక్కడా టైము పోతంది."

"ఎవుడి సంచి ఎంతుందో ఆడికేటి తెలుస్తాది? ఎండు సేపలు ఇంత కుక్కీసి పంపుతారు ఆడోళ్ళు."

"మీ పేటలో సేపలు తూసే కాటా ఉంటాది కదా?"

గంగరాజు నావైపు చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. లక్ష్మణమ్మ అన్నం గిన్నె చంకలో పెట్టుకుంది.

"ఉంటాది. నానే తూస్తాను," అంది. "కాటా మీద నా కన్ను కప్పినోడు మా పేటలో లేడు."

ఆ సాయంత్రమే పృథ్వీ బాబుకి సంగతి చెప్పాను. శైలజ పక్కనే ఉంది. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తండేళ్ళని ముందు ఎక్కించమంటావ్."

"ఊఁ."

"ముందు ఎక్కడం నాను అమ్ముతన్నాను మావా. నూటతొంభై తొమ్మిది రూపాయలకి. ఆ డబ్బు కట్టినోళ్ళు రోజూ పది పన్నెండు మంది ఉంటారు. ఈళ్ళకి ఊరికే ఇచ్చేస్తే ఆళ్ళకేటి సెప్పాలి? ఒకటి ఊరికే ఇచ్చానంటే రేపు నీళ్ళు ఊరికే ఇమ్మంటారు. ఎల్లుండి బేగు ఊరికే అంటారు. ఇది మామూలు ఇమానాల కంపెనీ అయిపోద్ది. మామూలు కంపెనీలు నా కంటే పెద్దవి. నన్ను తినేస్తాయి."

అతను చెప్పింది తప్పు కాదు. ఊరికే ఇవ్వకపోవడమే అతని బలం. వాళ్ళమ్మ దగ్గరే టికెట్టు డబ్బు తీసుకున్నవాడు జాలరి దగ్గర వదులుకుంటే, అది దయ అవుతుంది గానీ వ్యాపారం కాదు. నా జీవితంలో మాటలు వెతుక్కున్న రోజు అదొక్కటే.

"బాబూ, లారీకి లోడు ఎవరెక్కిస్తారు?" అన్నాను.

"జట్టు కూలీలు."

"కూలీలకి ఊరికే ఇస్తన్నావా డబ్బులు?"

"ఊరికేటి? పని సేస్తారు కదా."

"తండేలు నీకు పదిమందిని ఎక్కిస్తాడు. సంచులు ఇంటి కాడే తూసి తెస్తాడు. పదిమందీ సీట్లలో కూసున్నారో లేదో సూస్తాడు. నీ మైకులో మూడు భాషల్లో సెప్పినా అవని పని ఆడు కంటితో సేస్తాడు. నువ్వు ఊరికే ఇవ్వట్నేదు. కూలి ఇస్తన్నావు. అది కూడా డబ్బు కాదు. నాలుగు అడుగులు ముందు నడవనిస్తన్నావు."

పృథ్వీ బాబు తలెత్తాడు. శైలజ పెన్ను పట్టుకుని నిలబడిపోయింది.

"నూటతొంభై తొమ్మిది కట్టినోళ్ళో?"

"తండేళ్ళ ఎనక ఆళ్ళే. తొమ్మిది మంది ఎనక."

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. "శైలజా, రాసుకో. పదిమందికి కలిపి ఒకేసారి టికెట్టు కొని, సంచులు తూసి తెచ్చిన జట్టు పెద్దకి ముందు కాలు. ఎవులైనా సరే. జాలరైనా, తాపీ మేస్త్రీ అయినా. ముందు ఎక్కడానికి డబ్బు కట్టినోళ్ళకి ఈ రోజు నుంచీ ఆ మాట టికెట్టు మీదే రాయి. మోసం ఉండకూడదు." నా వైపు తిరిగాడు. "ముప్పై ఒక్కేళ్ళు నాన్న దగ్గర నోరు మూసుకుని ఇంత బేరం నేర్సుకున్నావేటి మావా?"

జట్లకి కబురు పంపి, టికెట్లు మార్చి, అన్నీ కుదిరేసరికి ఆరు రోజులు పోయాయి. ఆ ఆరు రోజుల్లో రెండుసార్లు విమానం రద్దయింది. ఇక మిగిలినవి సరిగ్గా అయిదు రోజులు. ఇరవై ఏడు నుంచి ముప్పై ఒకటి దాకా. ఒక్క రోజు తప్పినా ఇంతే సంగతులు.

ఇరవై ఏడున తొమ్మిది మంది తండేళ్ళు నడిచి వచ్చారు. అయిదుగురు ముందు మెట్ల దగ్గరికి, నలుగురు వెనక మెట్ల దగ్గరికి. గంగరాజు జట్టుకి మారిన టికెట్లు ముప్పై ఒకటికి పడ్డాయి. ఈ రోజు అందరికంటే ముందున్న తండేలు చెప్పులు విప్పబోయాడు. "వొద్దు మావయ్యా, ఎక్కీ!" అంది శైలజ. అతను మెట్టుకి చెయ్యి తాకించి కళ్ళకి అద్దుకుని కుడికాలు పెట్టాడు. అంతే. వెనక జనం కదిలారు. అలా కదలడం నేను చూసి ఎరగను. తలుపులో నిలబడిన తండేలు వేలు చూపిస్తే మనిషి ఆ వరసలోకి పోతాడు. సంచి పైన పెడతాడు, కూర్చుంటాడు. రెండో మాట లేదు. పదకొండు నిమిషాల్లో తలుపులు పడ్డాయి. విమానం నాలుగూ తొమ్మిదికి కదిలింది.

ఇరవై ఎనిమిదిన నాలుగూ పదికి. ఇరవై తొమ్మిదిన వాన పడింది, అయినా నాలుగూ పదికే. ముప్పైన నాలుగూ ఎనిమిదికి. శైలజ ఆ నాలుగు రోజులూ మధ్యాహ్నం నా కుర్చీ పక్కన మజ్జిగ గ్లాసు పెట్టి పోయేది.

ముప్పై ఒకటిన విమానం బెంగుళూరు నుంచి రావడమే మూడూ నలభై ఎనిమిదికి వచ్చింది. మూడు నిమిషాలు అక్కడే పోయాయి. మెట్లు పడ్డాయి. చీపుర్లు ఆడాయి. నాలుగు గంటలకి తండేళ్ళని పిలిచారు. వాళ్ళు నడుస్తూండగా వెనకనుంచి ఒక పెద్దమనిషి గబగబా వచ్చి ముందు మెట్లకి అడ్డంగా నిలబడ్డాడు. తెల్ల చొక్కా, చేతిలో తోలు సంచి. పేరు నారాయణమూర్తి అని తర్వాత తెలిసింది. ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. గుజరాతులో కూతురి దగ్గరికి పోతున్నాడు.

"అమ్మాయ్, ఇది చూడు. ముందు ఎక్కడానికి డబ్బు కట్టాను. వీళ్ళు నా ముందు ఎలా వెళ్తారు?"

"సార్, టికెట్టు మీద రాసున్నాది సార్. జట్టు పెద్దల తర్వాత..."

"నేను జూన్‌లో కొన్నాను. నా టికెట్టు మీద అదేమీ లేదు. చదువు."

శైలజ చదివింది. ఆయన మాట నిజం. పాత టికెట్ల సంగతి మాకెవరికీ తట్టలేదు.

"మీ డబ్బు మీకు ఇచ్చేస్తాం సార్," అంది.

"నాకు డబ్బు అక్కర్లేదు. మాట కావాలి. అమ్మింది ఇవ్వండి."

నాలుగూ రెండు. గంగరాజు మెట్ల దగ్గర ఆగిపోయాడు. అతన్ని చూసి రెండు మెట్ల దగ్గరా మిగతా ఎనిమిది మందీ, వాళ్ళ వెనక తొంభై మందీ ఆగిపోయారు. పృథ్వీ బాబు దూరంగా గోడ పక్కన నిలబడి ఉన్నాడు. కదల్లేదు. అమ్మినదాన్ని అడుగుతున్న మనిషిని తోసెయ్యడం అతనికి చేతకాదు. అది నాకు తెలుసు. నాలుగూ మూడు.

నేను ఎర్రగీత దాటాను. ఆ నెలలో అదే మొదటిసారి.

"బాబూ," అన్నాను. "ఆళ్ళు తొమ్మిది మంది ఎక్కితే తొంభై మంది కదులుతారు. మీరు ఎక్కితే మీరొక్కరే ఎక్కుతారు. ఇమానం మాత్రం ఇక్కడే ఉండిపోద్ది. రేపటి నుంచి అసలుండదు."

ఆయన నన్ను పైకీ కిందకీ చూశాడు. "మీరెవరు?"

"లారీ డ్రైవర్ని."

ఆయనకి ఏం అర్థమైందో నాకు తెలియదు. గంగరాజు మాత్రం ముందుకి వచ్చి చేతులు జోడించాడు. "బాబూ, తవరికి ముందు ఎక్కాలనుంటే ఎక్కండి. ముందు కాలు మీదే. కానీ అలాగైతే ఈ పెయాణం, ఈ తొంభై మందీ తవరి మీద ఉన్నట్టే. మోస్తారా?"

నారాయణమూర్తి మెట్ల పైకి చూశాడు. వెనక్కి తిరిగి ఎండలో నిలబడ్డ ఆ జనాన్ని చూశాడు. తోలు సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నేను నా సామానే మోయలేకుండా ఉన్నానయ్యా," అన్నాడు. "నువ్వే ఎక్కు."

అని పక్కకి జరిగాడు. గంగరాజు మెట్టుకి చెయ్యి తాకించి కాలు పెట్టాడు. నాలుగూ నాలుగు.

మిగిలినదంతా పరుగే. రోజూ పదకొండు నిమిషాలు పట్టే పని ఆరు నిమిషాల్లో అవ్వాలి. తండేళ్ళ వెనక నారాయణమూర్తి గారు ఎక్కారు. ఆయన సంచి వెంకీ అందుకున్నాడు. ముందు మెట్లూ, వెనక మెట్లూ ఒకేసారి నిండాయి. లోపల తండేళ్ళ గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి. "ఒరే ఆ కిటికీ తరవాత సూద్దువు, కూసో! బెల్టెట్టు! నీ సంచి కాదురా అది, ఒగ్గీ!" శైలజ గడియారం చూడటం మానేసింది. వెనక తలుపు పడింది. ముందు తలుపు పడింది. మెట్లు వెనక్కి వచ్చాయి. చక్రాల అడ్డు చెక్కలు లాగేశారు.

విమానం కదిలింది. నేను నా గడియారం చూశాను. నాలుగూ పది. ముల్లు ఇంకా నాలుగూ పదకొండు దాకా పోలేదు.

అది రోడ్డు చివరి దాకా పోయి, తిరిగి, పరుగెత్తి, మా ముందు నుంచే లేచిపోయింది. సముద్రం మీదకి వెళ్ళి పడమటికి తిరిగింది. శైలజ రేడియో నడుముకి తగిలించుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆమె దగ్గర పని చేసే పిల్లలంతా సంతోషంతో వచ్చి మీద పడ్డారు.

పృథ్వీ బాబు ఫోనులో ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడి నా దగ్గరికి వచ్చాడు. చొక్కా అంతా తడిసిపోయి ఉంది.

"ఉంటాది మావా. ఇమానం ఇక్కడే ఉంటాది. ఒప్పుకున్నారు."

"ఊఁ," అన్నాను.

"ఊఁ ఏటి మావా? నెల్లాళ్ళై నాకు అన్నం సయించనేదు. నువ్వు ఊఁ అంటావేటి? ఏదైనా అను."

నేను పచ్చ కోటు విప్పి, మడతపెట్టి కుర్చీ మీద పెట్టాను.

"బాగా కట్టావు బాబూ లోడు," అన్నాను. "నాన్నగారు ఉంటే ఈ బండికి నన్ను డ్రైవరుగా పంపీవోరు."

అంత పొడుగు మాట ధనరాజ్ గారితో కూడా నేనెప్పుడూ అనలేదు.